కొబ్బరాకు మీద ఉన్న జన్యుశాస్త్రాన్ని ప్రయోగశాలలోకి రానివ్వండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో జీవశాస్త్ర పాఠ్యప్రణాళికనూ, ప్రయోగాల మాన్యువళ్ళనూ రూపొందించే కమిటీల సభ్యులకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను కోనసీమలో ఒక జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం చెబుతాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. మీ ముందుకు ఒకే ఒక్క కోరికతో వస్తున్నాను. జన్యుశాస్త్రం యూనిట్‌కి ఒక సజీవ ప్రయోగం కావాలి. అది బదనిక కందిరీగలతో, అంటే వేరే పురుగుల్ని తిని పెరిగే చిన్న కందిరీగలతో చేయించాలి. ఎందుకో, ఎలాగో చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త పొడుగే అయింది, ఓపిక పట్టండి.

కొన్నేళ్ళ కిందట రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె చిన్న మట్టిగూడు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. కిటికీ చెక్క మీద కందిరీగ కట్టుకున్న గూడు. కుండ మూతిలా వంపు తిరిగి ఎంతో అందంగా ఉంది. "మేడం, ఇందులో పురుగుని పెట్టి కందిరీగ చుట్టూ రొద చేస్తూ తిరిగితే, ఆ రొద వింటూ వింటూ పురుగు కూడా కందిరీగ అయిపోద్దంట కదండీ, మా అమ్మమ్మ చెప్పింది" అంది. భ్రమరకీటక న్యాయం. మన వేదాంతం చెప్పేవాళ్ళు తరతరాలుగా వాడుకున్న ఉపమానం. దేన్ని ధ్యానిస్తే అదే అవుతాం అని చెప్పడానికి అంతకంటే చక్కని మాట దొరకదు. నేను ఆ అమ్మాయిని కాదనలేదు. గూడు పగలగొట్టాం. లోపల నాలుగు పచ్చ గొంగళి పురుగులు కదలకుండా పడి ఉన్నాయి. వాటి మధ్య తెల్లగా, బొద్దుగా, కాళ్ళు లేని ఇంకో పిల్ల పురుగు ఒక గొంగళికి అంటుకుని ఉంది. తల్లి కందిరీగ గొంగళి పురుగుల్ని కుట్టి, కదలకుండా చేసి, తన పిల్లకి తిండిగా పెట్టి, మూత వేసి పోయింది. పురుగు కందిరీగగా మారలేదు, పురుగుని తిని కందిరీగ పెరిగింది. అమ్మాయి చాలాసేపు చూసి అడిగింది: "మరి వీటికి నాన్న ఉంటాడా మేడం?"

ఆ ప్రశ్నకి సరైన జవాబు పుస్తకంలో ఉంది. తేనెటీగల గురించిన పేరాలో, ఆడవాటికి 32 క్రోమోజోములు, మగవాటికి 16 అని రాసి ఉంటుంది. ఏకద్వయస్థితిక లింగ నిర్ధారణ, అంటే ఫలదీకరణం చెందిన గుడ్డు ఆడది, చెందనిది మగది కావడం. ఏటా చెబుతాం, ఏటా పిల్లలు కంఠస్థం చేస్తారు, పరీక్షలో చిన్న ప్రశ్నగా వస్తే రాసేస్తారు. నా అనుభవంలో ఆ పేరాని నిజంగా నమ్మిన పిల్లాడు ఒక్కడూ లేడు. తండ్రి లేకుండా బిడ్డ పుట్టడం అన్నది కంటితో చూడనిదే నమ్మే మాట కాదు. పందొమ్మిదో శతాబ్దంలో సైలీషియాలో తేనెటీగలు పెంచుకునే జాన్ జీర్జాన్ అనే మతగురువు 1845లో, పోతుటీగలు, అంటే మగ తేనెటీగలు, ఫలదీకరణం చెందని గుడ్ల నుంచి పుడతాయని ప్రకటించినప్పుడు తోటి పెంపకందారులే నమ్మలేదు. మన పిల్లలు నమ్మకపోవడంలో తప్పేముంది?

తేనెటీగల్ని తరగతిలో పెంచలేం. కుడతాయి. పైగా ఒకే తల్లి ఉన్న పెద్ద కుటుంబం కాబట్టి ప్రయోగానికి లొంగవు. కానీ అదే కుదురుకు చెందిన చిన్న చిన్న కందిరీగలు వేల రకాలున్నాయి. మనిషిని కుట్టే ఊసే లేనివి, చీమ తలంత ఉండేవి. వీటిని వ్యవసాయం వాళ్ళు బదనికలు అంటారు. మామిడి కొమ్మ మీద బదనిక మొక్క చెట్టు రసం పీల్చి బతికినట్టు, ఇవి ఇంకో పురుగు గుడ్డులోనో ఒంటి మీదో గుడ్డు పెట్టి, దాన్ని తిని పెరుగుతాయి. తేడా ఏమిటంటే మామిడి చెట్టు చావదు, ఇక్కడ ఆతిథ్యమిచ్చిన పురుగు తప్పకుండా చస్తుంది. అందుకే రైతుకి ఇవి మిత్ర పురుగులు.

మా ప్రాంతంలో వీటి పేరు రైతులకి తెలుసు. కొబ్బరికి నల్లతల గొంగళి పురుగు పట్టినప్పుడు ఆకు అడుగున పట్టుదారంతో, తన పెంటతో గూడు అల్లుకుని పచ్చదనం గీకి తింటుంది. దూరం నుంచి చూస్తే తోట మొత్తం మంటల్లో కాలినట్టు కనిపిస్తుంది. నలభై అడుగుల చెట్టుకి మందు కొట్టడం ఎలాగూ అయ్యే పని కాదు. అందుకే బ్రాకన్, గోనియోజస్ అనే బదనికలను ప్రయోగశాలలో పెంచి తోటల్లో వదులుతారు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో ఈ పెంపకం ఉంది. వరిలో కాండం తొలుచు పురుగుకీ, చెరకులో పీక పురుగుకీ ట్రైకోగ్రామా అనే బదనికల కార్డులు కడతారు. అరచేతిలో పట్టే అట్టముక్క మీద జిగురుతో అంటించిన పద్దెనిమిది, ఇరవై వేల చిలుక పురుగు గుడ్లు, వాటి లోపల అన్ని వేల కందిరీగలు. మన పిల్లల్లో చాలామంది ఆ కార్డు చూసే ఉంటారు, నాన్న పొలంలో ఆకుకి గుచ్చుతుంటే. తరగతికి వచ్చేసరికి మాత్రం జన్యుశాస్త్రం అంటే బఠాణీ మొక్క, ఎర్రకళ్ళ డ్రోసోఫిలా ఈగ. రెండూ బల్ల మీద ఉండవు. నల్లబల్ల మీద గీసిన గళ్ళు మాత్రం ఉంటాయి.

ఇక నేను చేయించిన పని చెబుతాను. నాలుగేళ్ళుగా ఒక్కో బ్యాచ్‌తో చేస్తున్నాను, కాబట్టి ఇది ఊహ కాదు.

బ్రాకన్ హెబెటర్ అన్న జాతిని ఎంచుకున్నాను. రెండు మూడు మిల్లీమీటర్ల పురుగు, కంటికి కనిపిస్తుంది, చేతి కటకం ఉంటే ఆడా మగా గుర్తుపట్టొచ్చు. మగదానికి మీసాలు పొడుగు. ఆడదానికి పొట్టి మీసాలు, ఒంటి చివర గుడ్లు పెట్టే సూదిలాంటి అండనిక్షేపిణి. దీనికి తిండి కోర్సైరా గొంగళి పురుగులు, అంటే మన బియ్యంలో, నూకల్లో గూళ్ళు కట్టే చిలుక పురుగు పిల్లలు. సామాను ఏమిటంటే హోమియోపతి మందుల గాజు సీసాలు ముప్పై, దూది, సున్నా నంబరు చిత్రకళ కుంచె, తేనె, కటకం. ఇంతే. అన్నీ కలిపినా ఒక మామూలు సూక్ష్మదర్శిని ఖర్చుకి దగ్గరకు కూడా రావు.

ఆడ బ్రాకన్‌ని సీసాలో రెండు గొంగళి పురుగులతో వదిలితే ముందు వాటిని కుడుతుంది. కొద్దిసేపట్లోనే అవి కదలడం మానేస్తాయి, కానీ చావవు. తర్వాత వాటి ఒంటి మీద, పక్కన పొడుగాటి తెల్లని గుడ్లు పెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో గుడ్డు పగిలి పిల్ల పురుగు వస్తుంది, గొంగళి రసం పీలుస్తుంది, మూడు నాలుగు రోజుల్లో తెల్ల పట్టుగూడు అల్లుకుంటుంది. మొత్తం పది పన్నెండు రోజుల్లో కొత్త తరం. ఒక నెలలో రెండు తరాలు చూడొచ్చు. బఠాణీలకి రెండేళ్ళు కావాలి.

ప్రయోగం కీలకం పట్టుగూడు దశలో ఉంది. పట్టుగూళ్ళను కుంచెతో విడదీసి ఒక్కో సీసాలో ఒక్కోటి వేసి దూది బిగిస్తాం. లోపల నుంచి వచ్చిన ఆడ పురుగు ఇంకా ఏ మగవాడినీ చూడలేదని ఖాయం. అటువంటి ఆడవాటిలో సగానికి మగతోడు ఇస్తాం, సగానికి ఇవ్వం. అందరికీ సమానంగా గొంగళి పురుగులు ఇస్తాం. రెండు వారాల తర్వాత లెక్క పెడతాం. జత కట్టిన తల్లి సీసాలో ఆడా మగా రెండూ వస్తాయి. ఒంటరిగా ఉన్న తల్లి సీసాలో ఒక్క ఆడపిల్ల ఉండదు, అందరూ మగవాళ్ళే. ఆ లెక్క పిల్లలే పెట్టాలి, పిల్లలే బల్ల మీద పరచాలి. నేను పక్కన నిలబడి చూశాను. "అందరూ మగాళ్ళేనండీ!" అని ఒక కుర్రాడు అరిచిన అరుపు నా ఉద్యోగ జీవితంలో నాకు దొరికిన బహుమతి.

ఎందుకిలా? తల్లి ఒంట్లో శుక్రగ్రాహిక అనే చిన్న సంచి ఉంటుంది. జత కట్టినప్పుడు అందులో వీర్యం దాచుకుంటుంది. గుడ్డు జారేటప్పుడు సంచి నోరు తెరిస్తే ఫలదీకరణం జరిగి ఆడపిల్ల, మూసి ఉంచితే మగపిల్ల. ఏ గుడ్డు ఏమవ్వాలో తల్లే నిర్ణయిస్తుంది. మగ పురుగు తన తల్లి క్రోమోజోముల్లో సగం మాత్రమే మోస్తాడు, బ్రాకన్‌లో ఇరవైకి పది. అతనికి తండ్రి లేడు, కొడుకులూ ఉండరు. కానీ తాత ఉన్నాడు, తల్లికి తండ్రి.

దీని మీద ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఒక మగ బ్రాకన్ వంశవృక్షాన్ని వెనక్కి గీయమనండి. తల్లి ఒకతే, అంటే ఒకరు. ఆమెకి తల్లీ తండ్రీ, ఇద్దరు. ఆ ముందు తరంలో ముగ్గురు, ఇంకా ముందు ఐదుగురు, తర్వాత ఎనిమిది మంది. ఇదే వరుస మన ఛందస్సులో ఉంది. గురువుకి రెండు మాత్రలు, లఘువుకి ఒకటి. ఒక మాత్రని ఒక రకంగా, రెండు మాత్రల్ని రెండు రకాలుగా, మూడింటిని మూడు రకాలుగా, నాలుగింటిని ఐదు రకాలుగా, ఐదింటిని ఎనిమిది రకాలుగా పేర్చవచ్చు. ఈ లెక్కను హేమచంద్రుడు పన్నెండో శతాబ్దంలో చెప్పాడు, ఆయనకంటే ముందే విరహాంకుడు చెప్పాడు. ఇది యాదృచ్ఛికం కాదు. ప్రతి ఆడది ఇద్దరి నుంచి, ప్రతి మగాడు ఒకరి నుంచి రావడం వల్ల కుదిరే లెక్క. పదో తరగతిలో గురులఘువులు నేర్చుకుని వచ్చిన పిల్లలకి ఇది చూపించినప్పుడు మా తెలుగు మాస్టారు కూడా మా ల్యాబులోకి వచ్చి కూర్చున్నారు.

ఇప్పుడు ఈ పని తరగతిలో ఎలా తప్పిపోతుందో కూడా చెప్పాలి. మాన్యువల్ రాసేవాళ్ళకి అది తెలియాలి. మొదటి ఏడాది, జత కట్టని తల్లి సీసాలో ఒకమ్మాయికి ఆరు ఆడ పురుగులు వచ్చాయి. ఆమె కళ్ళలో నీళ్ళు. తప్పు తనదనుకుంది. సిద్ధాంతమే తప్పేమో అని ఇంకొకడన్నాడు. అందరం కూర్చుని ఆ సీసా చరిత్ర వెనక్కి తవ్వాం. రికార్డు పుస్తకంలో ఆమె నిజాయితీగా రాసుకున్న వాక్యం దొరికింది: "రెండు గూళ్ళు అతుక్కుని ఉన్నాయి, ఒకటే అనుకుని వేశాను." రెండో గూటిలోంచి తమ్ముడు వచ్చాడు, జత కట్టాడు. చచ్చిన మగ పురుగు దూది కింద ఇరుక్కుని ఉంది. ఆ మధ్యాహ్నం నేర్చుకున్నంత విజ్ఞానశాస్త్రం మా పిల్లలు ఏ పాఠంలోనూ నేర్చుకోలేదని నా నమ్మకం. అందుకని మనవి చేస్తున్నాను: మాన్యువల్‌లో "ఆశించిన ఫలితం" అన్న గడి పెట్టకండి. వచ్చిన ఫలితాన్ని రాయనివ్వండి, రానిదానికి కారణం వెతకనివ్వండి, మార్కులు ఆ వెతుకులాటకి ఇవ్వండి.

ఇంకో ఏడాది మొత్తం పెంపకం ఒక్క రాత్రిలో పోయింది. రాత్రి కాపలా మనిషి దోమల బాధ పడలేక ల్యాబులోనే దోమల చక్రం వెలిగించుకుని పడుకున్నాడు. ఆయన్ని తప్పు పట్టలేను, నేనే చెప్పి ఉండాల్సింది. పొద్దున్నకి ముప్పై సీసాల్లో ఒక్కటీ కదల్లేదు. చీమలూ అంతే. ట్రే కాళ్ళు నీళ్ళ గిన్నెల్లో పెట్టకపోతే సీసా మూత సందులోంచి వచ్చి గుడ్లన్నీ మోసుకుపోతాయి. తేనె చుక్కగా పెడితే కందిరీగలు అందులోనే మునిగి చస్తాయి. కుంచెతో గీతలా, పల్చగా రాయాలి. వెలుతురు వైపు పరుగెడతాయి కాబట్టి సీసా అడుగుని కిటికీ వైపు తిప్పి, దూది తీస్తే బయటికి రావు. మత్తుమందులేవీ అక్కర్లేదు, ఫ్రిజ్‌లో రెండు మూడు నిమిషాలుంచితే కాసేపు నిదానిస్తాయి, లెక్క పెట్టేయొచ్చు. మా ఎండలు వీటికి పడవు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చేయించాలి, మార్చి దాటితే మొదలుపెట్టొద్దు. కోర్సైరా పెంపకం మాత్రం తరగతిలో చేయొద్దు. ఆ చిలుకల రెక్కల పొలుసులు గాలిలో కలిసి ఉబ్బసం ఉన్న పిల్లలకి ప్రమాదం. గొంగళి పురుగుల్ని, మిత్ర పురుగుల్ని పెంచే జీవ నియంత్రణ ప్రయోగశాల నుంచే తెప్పించుకోవాలి.

విదేశాల్లో ఇటువంటి పాఠాలకి నాసోనియా అన్న కందిరీగని వాడతారు. అమెరికాలో బడుల్లో అది బాగా ఉంది. అక్కడే జార్జియా విశ్వవిద్యాలయం నుంచి మెలిట్టోబియా అన్న ఇంకో చిన్న కందిరీగని కూడా బడిపిల్లల పాఠాల్లోకి తెచ్చారు. నాసోనియా జన్యుపటాన్ని 2010లో ప్రకటించారు, ఎంతో విలువైన జీవి. కానీ దాని పిల్లలు పెరిగేది ఈగల ప్యూపాల్లో. ఈగల్ని పెంచాలంటే కుళ్ళిన మాంసం కావాలి. మన వసతి గృహాల పక్కన ఉండే ల్యాబుల్లో అది కుదరదు, అవసరమూ లేదు. మన నేల మీదే ఉన్న బ్రాకన్, ట్రైకోగ్రామా చాలు. బయటి దేశం పురుగుని తెచ్చి పొరపాటున వదిలేసే ప్రమాదమూ ఉండదు.

జన్యుశాస్త్రం పాఠానికి ఈ పురుగులు ఎంత సులువైనవో చెబుతాను. మెండెల్ సూత్రాల దగ్గర పిల్లలు తడబడేది ఎక్కడంటే, బయటికి కనిపించే లక్షణం వేరు, లోపల దాగి ఉన్నది వేరు. అంతర్గత లక్షణాన్ని బయటపెట్టడానికి పరీక్షా సంకరణం చేయాలి, అంటే అంతర్గత లక్షణం పైకి కనిపించే జీవితో జత కట్టించి చూడాలి. మగ కందిరీగలో దాగడానికి చోటే లేదు. ఒక్కటే క్రోమోజోముల జట్టు కాబట్టి, తల్లి ఏ యుగ్మవికల్పం (ఒకే జన్యువుకి ఉన్న రకాల్లో ఒకటి) ఇస్తే అదే ఒంటి మీద కనిపిస్తుంది. నల్లకళ్ళకీ నారింజ కళ్ళకీ రెండు యుగ్మవికల్పాలు మోస్తున్న తల్లి జత కట్టకుండా గుడ్లు పెడితే, కొడుకుల్లో సగం నల్లకళ్ళు, సగం నారింజ కళ్ళు. రెండు లక్షణాలైతే నాలుగు రకాల కొడుకులు. వాళ్ళే ఆమె బీజకణాలు, నడిచి తిరుగుతున్న బీజకణాలు. గళ్ళు గీయకుండా జన్యువులు విడిపోవడాన్ని లెక్కపెట్టొచ్చు. అమెరికాలో జన్యుశాస్త్రవేత్త పి.డబ్ల్యు. వైటింగ్ బ్రాకన్‌తోనే దశాబ్దాలు పనిచేశాడు. నారింజ కళ్ళ రకం ఆయన వాడినవాటిలో ఒకటి. ఇదే జాతిని 1967లో అమెరికా వాళ్ళు బయోశాటిలైట్-2లో అంతరిక్షానికి పంపి రేడియేషన్ ప్రభావం చూశారు. మా ల్యాబులో కంటి రంగు రకాలు లేవు, ఆడా మగా లెక్కతోనే పని నడిపాం. మీలాంటి వాళ్ళు పూనుకుంటే ఆ రకాలు కూడా పెద్ద సంస్థల్లో పెంచి పంచవచ్చు.

వైటింగ్ చేసిన ఇంకో పని మా జిల్లా రైతుకి నేరుగా తగులుతుంది. బ్రాకన్‌లో ఆడపిల్ల పుట్టడానికి ఫలదీకరణం ఒక్కటే చాలదని ఆయన 1943లో తేల్చాడు. క్రోమోజోము మీద లింగాన్ని నిర్ణయించే ఒక చోట రెండు వేర్వేరు యుగ్మవికల్పాలు కలవాలి. వాటిని క, చ, ట అనుకుందాం. తల్లి క-చ, తండ్రి ట. కూతుళ్ళు క-ట లేదా చ-ట, కొడుకులు క లేదా చ. ఇప్పుడు క-ట అక్కకి క తమ్ముడు తోడైతే, ఫలదీకరణం చెందిన గుడ్లలో సగానికి క-క వస్తుంది. రెండూ ఒకటే అయితే అది ఆడది కాదు. రెండు జట్ల క్రోమోజోములున్న మగది. బ్రాకన్‌లో అలాంటి గుడ్లలో ఎక్కువ భాగం పొదగనే పొదగవు. అదే అక్కకి చ తమ్ముడు దొరికితే ఏ ఇబ్బందీ లేదు. అంటే తోబుట్టువుల జతల్లో సగం జతలకి నష్టం.

ప్రయోగశాలలో ఏళ్ళ తరబడి ఒకే కుదురు నుంచి పెంచుతూ పోతే ఈ నష్టం పెరుగుతుంది. పొదగని గుడ్లు పెరుగుతాయి, కూతుళ్ళు తగ్గుతారు. మగ బ్రాకన్ గొంగళి పురుగుని కుట్టదు, గుడ్డు పెట్టదు, తోటలో దాని వల్ల తెగులు తగ్గదు. సీసాలో ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎన్ని ఆడవి ఉన్నాయన్నదే లెక్క. అందుకే పెంపకంలోకి తోటల నుంచి కొత్త పురుగుల్ని తెచ్చి కలుపుతూ ఉండాలి. ఇది తెలిసిన కుర్రాడు రేపు జీవ నియంత్రణ ల్యాబులో టెక్నీషియన్ అయితే, ఆ ల్యాబు నుంచి వెళ్ళే సీసా వేరుగా ఉంటుంది. ఒక యుగ్మవికల్పానికీ, ఒక కొబ్బరి తోటకీ మధ్య ఇంత దగ్గర దారి ఉంటే, దాన్ని పిల్లలకి చూపించకుండా పట్టిక గీయించి పంపేస్తున్నాం. నాకు బాధ అక్కడే.

ఈ పాఠం చెప్పేటప్పుడు మేనరికాల ప్రస్తావన రాక మానదు, మా తరగతిలో ప్రతి ఏడాదీ వచ్చింది. మనుషుల్లో లింగ నిర్ధారణ ఇలా జరగదని ముందే స్పష్టంగా చెబుతాను. కానీ ఒకే పూర్వీకుల నుంచి వచ్చిన ఒకే యుగ్మవికల్పం రెండు వైపుల నుంచి కలవడం అన్న సూత్రం ఒకటే. 1957లో భారతదేశానికి వచ్చి ఇక్కడే కన్నుమూసిన జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ దగ్గర చదువుకున్న మన పిఠాపురం వాడు ద్రోణంరాజు కృష్ణ, మీరా ఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో దగ్గరి సంబంధాల పెళ్ళిళ్ళ మీద చేసిన అధ్యయనాన్ని 1963లో జర్నల్ ఆఫ్ జెనెటిక్స్‌లో ప్రచురించారు. పిఠాపురం మాకు బస్సు దూరం. ఆ పేరు మా పిల్లలకి ఏ పుస్తకమూ చెప్పలేదు.

పిల్లలు సిగ్గుపడటం గురించి కూడా రాయాలి. "జత కట్టని తల్లి" అనగానే వెనక బెంచీల్లో నవ్వులు. ప్రత్యుత్పత్తి పాఠాన్ని "ఇంట్లో చదువుకోండి" అని దాటేసే అధ్యాపకులు ఉన్నారు, నేనూ మొదట్లో దాటేశాను. పురుగుల సీసా చేతిలో ఉన్నప్పుడు ఆ నవ్వు పది నిమిషాలు కూడా నిలవదు. లెక్క పెట్టాలి, రాసుకోవాలి, పక్కవాడితో పోల్చుకోవాలి. మాటలు వాటంతట అవే మామూలైపోతాయి. ఆడపిల్లలు ప్రశ్నలు అడగడం మొదలుపెడతారు. ఈ ఒక్క కారణానికైనా ఈ ప్రయోగం పెట్టొచ్చు.

జాలి గురించి ఇంకో సంగతి. బతికున్న గొంగళి పురుగుని ఇంకో పురుగు తింటుంటే చూడలేమన్న పిల్లలు ప్రతి బ్యాచ్‌లో ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ళని చిన్నబుచ్చకూడదు. డార్విన్ అంతటివాడే 1860లో ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో, దయగల సృష్టికర్త ఇటువంటి కందిరీగలను కావాలని సృష్టించి ఉంటాడని తనను తాను ఒప్పించుకోలేకపోతున్నానని చెప్పుకున్నాడు. అలాంటి పిల్లలకి లెక్కలు, రికార్డు పని ఇస్తాను. కప్పల్ని, పావురాల్ని కోయించడం ఆగిపోయినందుకు సంతోషించినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. కానీ ఆ ఖాళీలో మనం పెట్టినవి పటాలు, ప్లాస్టిక్ నమూనాలు. జంతుశాస్త్రం చదివే పిల్లవాడు ఒక్క బతికున్న జంతువుని గమనించకుండా రెండేళ్ళు పూర్తి చేస్తున్నాడు.

ట్రైకోగ్రామా గురించి కొంచెమే చెబుతాను, ఎందుకంటే అర మిల్లీమీటరు పురుగుని లెక్క పెట్టడం పిల్లలకి కష్టం. దాన్ని చూడటానికే వాడాలి. పరాన్నజీవి పట్టిన చిలుక గుడ్డు మూడు నాలుగు రోజుల్లో నల్లబడటం, వారం దాటగానే అందులోంచి కందిరీగ రావడం కటకం కింద కనిపిస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లలకి అది చాలు. పై తరగతుల వాళ్ళకి ఒక కథ చెప్పొచ్చు: కొన్ని ట్రైకోగ్రామా కుదుళ్ళలో మగవాళ్ళే ఉండరు, కూతుళ్ళే కూతుళ్ళని కంటారు. వాటికి యాంటీబయాటిక్ పెడితే మళ్ళీ మగవాళ్ళు పుడతారని 1990లో తేలింది. కారణం వోల్బాకియా అనే బాక్టీరియా, తల్లి గుడ్డులో దాక్కుని తనకి పనికొచ్చే ఆడసంతానాన్నే పుట్టిస్తుంది.

గోనియోజస్ ఇంకా ముచ్చటగా ఉంటుంది. తల్లి గుడ్లు పెట్టి వెళ్ళిపోదు, పిల్లలు గూళ్ళు అల్లుకునే దాకా గొంగళి పురుగు మీదే కాపలా ఉంటుంది. పది మంది పిల్లల్లో మగవాడు సాధారణంగా ఒక్కడు. అక్కచెల్లెళ్ళతో జత కట్టడానికి ఒక్కడు చాలు, ఇద్దరు కొడుకులుంటే ఒకడి శ్రమ వృథా. 1967లో జీవశాస్త్రవేత్త డబ్ల్యు.డి. హామిల్టన్ ఈ తర్కాన్ని లెక్కల్లో పెట్టాడు. ఎందుకు ఒకే కొడుకు అని మా పిల్లల్ని అడిగితే, హామిల్టన్ పేరు వినని ఒక రైతు కొడుకు, "ఊరికి ఒక ఆబోతు చాలు కదండీ" అన్నాడు.

ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి ఒకరు మా సీసాల్ని చూసి, ఇది సిలబస్‌లో లేదు కదా, ఈ పురుగులెందుకు, తీసేయండి అన్నారు. ఆయన చెప్పింది నిజమే, సిలబస్‌లో లేదు. తీసేసి ఇంటికి పట్టుకెళ్ళాను, పిల్లలు ఆదివారాలు మా ఇంటికొచ్చి లెక్క పెట్టారు. సిలబస్‌లో ఉంటే నేనలా చేయాల్సి వచ్చేది కాదు. నాకున్నట్టు ఇంట్లో చోటు లేని అధ్యాపకులు, పురుగు ఎక్కడ దొరుకుతుందో తెలియని అధ్యాపకులు ఆ మాట దగ్గరే ఆగిపోతారు.

అందుకే మిమ్మల్ని అడిగేది ఇది. రెండో సంవత్సరం జంతుశాస్త్రం ప్రయోగాల్లో, జన్యుశాస్త్రం కింద, బ్రాకన్ ప్రయోగాన్ని చేర్చండి. వరుసగా నాలుగు వారాలు, వారానికి ఒక్క పీరియడ్ చాలు. వ్యవసాయ, ఉద్యాన శాఖల జీవ నియంత్రణ ప్రయోగశాలలు దగ్గర్లోని కళాశాలకి ఏడాదికి ఒకసారి ఒక సీసా పురుగులు, వంద గొంగళి పురుగులు ఇచ్చేలా ఆ శాఖలతో ఒక మాట కుదుర్చుకోండి. వాళ్ళ పెంపకంలో అది లెక్కలోకి రానంత చిన్న మొత్తం. అధ్యాపకులకి రెండు రోజుల శిక్షణ కావాలి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ ఉంది, బదనికల పెంపకం నేర్పడం వాళ్ళకి కొత్త కాదు. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ ఈ జాతుల సజీవ కుదుళ్ళను కాపాడుతోంది. కొత్తగా కట్టాల్సింది ఏమీ లేదు. ఉన్నవాళ్ళని ఒకరికొకరిని పరిచయం చేయాలి, అంతే. కొబ్బరి లేని జిల్లాల్లో చెరకు ఉంది, వరి ఉంది, పత్తి ఉంది. ఏ పంట ఉన్నచోట ఆ పంట బదనికతో మొదలుపెట్టొచ్చు. ప్రయోగం అయ్యాక మిగిలిన ఆడ పురుగుల్ని పిల్లలు తెగులున్న తోటలో వదిలి రావచ్చు. మా పిల్లలు వదిలిన తోట రైతు ఒకాయన, మరుసటి ఏడాది కళాశాలకి వచ్చి, "మేడం గారండీ, ఈసారి ఎప్పుడు తెస్తారండీ ఆ పురుగులు" అని అడిగి వెళ్ళాడు.

మాన్యువల్ ముసాయిదా మీద మీరు కూర్చునే రోజు చెబితే, నాలుగేళ్ళ రికార్డు పుస్తకాలతో, ఆ ఆరు ఆడ పురుగుల పేజీతో సహా, రెండు సీసాల్లో బ్రాకన్‌తో నేనే వస్తాను. బల్ల మీద పెడతాను, కటకాలు కూడా తెస్తాను, మీరే లెక్క పెట్టండి. ఆ గదిలో ముందు రోజు రాత్రి దోమల మందు కొట్టకుండా చూడమని మాత్రం మనవి.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక జంతుశాస్త్ర అధ్యాపకురాలు